2022 వార్షిక నివేదిక: ఫ్రిస్కో నగర పాలన – మన భాగస్వామ్యం

అమెరికాలోని టెక్సాస్‌లో, ఫ్రిస్కో నగరంలో ఉన్న మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు, పిల్లల తెలుగు తరగతులు ఈ ఏడాదీ చక్కగా సాగాయి. వాటి వివరాలు, జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. ఈ నివేదికలో నగర పాలన అవగాహన సదస్సులకు ఎక్కువ చోటిచ్చాం. ఇక్కడ ఇల్లు కొని, పన్ను కడుతూ, పిల్లల్ని ఇక్కడి బడుల్లోనే చదివిస్తున్నా, ఊరిని నడిపేది ఎవరో మనలో చాలామందికి తెలియదు. ఈ లోటు తీరాలని కార్యవర్గం గట్టిగా కోరుకుంటోంది.

అందుకు ఈ ఏడాది మంచి సందర్భమూ దొరికింది. 1987 నుంచి సిటీ మేనేజరుగా, అంటే నగర పాలనను రోజువారీగా నడిపే ఉద్యోగిగా ఉన్న జార్జ్ ప్యూర్‌ఫాయ్ 2022 వేసవిలో పదవీ విరమణ చేశారు. ఈ ఊరికి మొట్టమొదటి సిటీ మేనేజరు ఆయనే. బాధ్యతలు చేపట్టిన రోజుల్లో ఇక్కడ ఉన్నది సుమారు 6 వేల మంది. 2020 జనగణన నాటికి జనాభా 2,00,509. మేయర్లు ఎందరో మారినా ఆయన మారలేదు. అన్నేళ్లలో ఆయన ఒక్క ఎన్నికలోనూ నిలబడలేదు, నిలబడాల్సిన అవసరమూ లేదు. ఆయన తర్వాత ఆ బాధ్యత వెస్ పియర్సన్ చేపట్టారు.

మేయరు, ఆరుగురు సభ్యులు కలిస్తే సిటీ కౌన్సిల్. పదవీకాలం మూడేళ్లు. వార్డులు లేవు, ప్రతి స్థానానికీ నగర ఓటర్లందరూ ఓటేస్తారు. చట్టాలు, పన్ను రేటు, బడ్జెట్, ఏ స్థలంలో ఏం కట్టవచ్చన్న నిర్ణయాలు కౌన్సిల్‌వి. వాటిని అమలు చేసేది మేనేజరు. పోలీసు, అగ్నిమాపకం, గ్రంథాలయం, పార్కులు అన్నీ ఆయన కింద పనిచేస్తాయి. బడ్జెట్ ముసాయిదా తయారుచేసి కౌన్సిల్ ముందు పెట్టేదీ ఆయనే. మేయరు (2017లో ఎన్నికైన జెఫ్ చేనీ 2022లో ఆ పదవిలో ఉన్నారు) కౌన్సిల్‌కు అధ్యక్షత వహిస్తారు, నగరం తరఫున మాట్లాడతారు. ఏదైనా శాఖను నేరుగా ఆదేశించడం మాత్రం ఆయన పని కాదు, అది మేనేజరు ద్వారానే జరగాలి.

"అయితే ఈయన మన మున్సిపల్ కమిషనరు లాంటివారా?" అని సదస్సుల్లో చాలామంది అడిగారు. పని వరకు పోలిక ఉంది. కానీ హైదరాబాద్ కమిషనరును నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, బదిలీ చేసేదీ అదే. ఇక్కడ మేనేజరును నియమించేది, తొలగించేది కౌన్సిలే. అంటే మే నెలలో మనం వేసే ఓటు ఆయన ఉద్యోగం దాకా వెళ్తుంది. ఈ తేడాను అందరూ గుర్తుంచుకోవాలి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1913 వరదల్లో మునిగిన ఒహాయోలోని డేటన్ మరుసటి ఏడాదే దీన్ని అమల్లోకి తెచ్చింది. పెద్ద నగరాల్లో మొదటిది అదే. డాలస్‌లోనూ ఇదే పద్ధతి. హ్యూస్టన్ దారి వేరు, అక్కడ పాలనను నడిపేది మేయరే.

కొందరు సభ్యులం కౌన్సిల్ సమావేశానికి కూడా వెళ్లాం. బడి దగ్గర పాదచారులు రోడ్డు దాటే చోటు గురించి అడగడానికి ఒక సోదరి పేరు, చిరునామా రాసిన కార్డు ఇచ్చి వేదిక ముందుకు వెళ్లారు. ఆమె మాట్లాడినంతసేపూ అందరూ శ్రద్ధగా విన్నారు, కానీ చర్చ మాత్రం చేయలేదు. ఆమె చిన్నబుచ్చుకున్నారు. అసలు సంగతి తర్వాత తెలిసింది. టెక్సాస్ బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం ముందుగా ప్రకటించిన ఎజెండాలో లేని అంశంపై కౌన్సిల్ చర్చించకూడదు. వాస్తవ సమాచారం చెప్పవచ్చు, లేదా ఆ అంశాన్ని మరో సమావేశం ఎజెండాలో చేర్చాలని అడగవచ్చు. ఆ మౌనం నిర్లక్ష్యం కాదు. ఇలాంటి పనికి ముందుగా రాయవలసింది ఇంజినీరింగ్ విభాగానికి.

ఇంటి పన్ను బిల్లు గురించి ఒక మాట. అందులో నగరం వాటా 2022లో ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకు 44.66 సెంట్లు. అంతకంటే చాలా పెద్ద వాటా బడులను నడిపే పాఠశాల జిల్లాది. ఆ జిల్లాకు వేరే బోర్డు ఉంది, దానికి ఎన్నికలూ వేరు. బడి సమస్యను మేయరు దగ్గరకు తీసుకెళ్తే కాలం వృథా.

మనలో వీసాల మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవారు చాలామంది. ఓటు పౌరులకే. పౌరసత్వం రాకముందు ఓటరుగా నమోదైతే శిక్ష పడవచ్చు, వలస హోదాకే ముప్పు రావచ్చు. డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులో ఓటరుగా నమోదు కావాలా అన్న ప్రశ్న దగ్గర జాగ్రత్తగా ఉండండి. అయితే కౌన్సిల్ ముందు మాట్లాడటానికి పౌరసత్వంతో పని లేదు. ఆ అవకాశాన్ని వదులుకోవద్దని మా విన్నపం.

2023 మే 6న మేయరు పదవికి, కౌన్సిల్‌లోని 1, 3 స్థానాలకు ఎన్నికలు. నమోదుకు గడువు ఏప్రిల్ 6. మన సంఘం ఏ అభ్యర్థినీ బలపరచదు. నమోదు పత్రాలు నింపడంలో సాయం చేసే కార్యకర్తలు మాత్రం కావాలి. నింపిన పత్రాలను సేకరించి అందజేయాలంటే కౌంటీ నియమించిన స్వచ్ఛంద సహాయ రిజిస్ట్రారు అయి ఉండాలి. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల్లో విస్తరించి ఉంది కాబట్టి రెండు చోట్లా మనవాళ్లు ఉండాలి. ముందుకు వచ్చేవారు ఫిబ్రవరి సమావేశంలో పేర్లు ఇవ్వగలరు.

– కార్యదర్శి, కార్యవర్గం తరఫున