కళ్లజోడు మెరుపు గురించి మా కస్టమర్లకి ఒక మాట

కళ్లజోడుతో మా స్టూడియోకి వచ్చే అందరికీ ఒక విషయం సూటిగా చెప్పేద్దామని ఇది రాస్తున్నా. ఇన్నాళ్లూ మీరు "అద్దాల మీద లైట్ పడుతోంది కదండీ" అన్నప్పుడల్లా నేను "పర్లేదండి, ఎడిటింగ్‌లో తీసేస్తాం" అనేవాడిని. ఇకమీదట ఆ మాట అనను, ఎందుకంటే చాలాసార్లు అది అబద్ధం అవుతోంది.

ఈ మధ్య ఒక పెద్దావిడని వాళ్లమ్మాయి తీసుకొచ్చింది. ఆవిడ నవ్వు బ్రహ్మాండంగా వచ్చింది, అయితే అందరికీ నచ్చిన షాట్‌లోనే ఎడమ అద్దం మీద సాఫ్ట్‌బాక్స్ (లైట్‌ని మెత్తబరిచే తెల్లగుడ్డ పెట్టె) అచ్చంగా తెల్లటి కిటికీలా దిగిపోయి సగం కన్ను కనపడకుండా పోయింది. డెలివరీకి టైం లేదు, ఏఐ టూల్‌లో ఆ భాగం సెలెక్ట్ చేసి నింపేశా, క్షణాల్లో కన్ను వచ్చేసింది, నా కంటికి చక్కగానే ఉంది, ప్రింట్ కొట్టి ఇచ్చేశా. మర్నాడే వాళ్లమ్మాయి వచ్చి ఫోటో కౌంటర్ మీద పెట్టి "ఇది మా అమ్మ కన్ను కాదండి" అంది. ఆవిడకి ఎడమ కంటి తెల్లగుడ్డు మీద, ముక్కు వైపుకి, ఆవగింజలో సగం ఉండే గోధుమరంగు మచ్చ ఉంది, ఆ వైపు పైరెప్ప కూడా కాస్త వాలి ఉంటుంది. మా ఫోటోలో మచ్చ లేదు, రెప్ప వాలలేదు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న కన్ను కదా, ఆ అమ్మాయికి ఇట్టే తెలిసిపోయింది. నాకు చాలా బాధేసింది, తప్పు పూర్తిగా నాదే.

అసలు సంగతేంటంటే, మెరుపు మరీ గట్టిగా పడిన చోట ఫోటోలో ఏమీ మిగలదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ గరిష్ఠ విలువ 255కి వెళ్లి కూర్చుంటాయి, అంటే అక్కడ ఉన్నది ఉత్త తెలుపే, దాని కింద కన్ను దాగి ఉండటం లాంటిదేం లేదు, ఏ సాఫ్ట్‌వేర్ అయినా అక్కడ ఊహించి గీయాల్సిందే. పల్చటి పొగలా పడిన మెరుపు వేరు. రా ఫైల్‌లో (కెమెరా పట్టుకున్నదంతా కుదించకుండా దాచే ఫైల్) తీసి ఉంటే ఆ భాగం వరకు హైలైట్స్ తగ్గించి కాంట్రాస్ట్ పెంచితే కింద ఉన్న అసలు కన్నే బయటికొస్తుంది. అద్దాల మీద మెరుపు తగ్గించే కోటింగ్ వల్ల వచ్చే ఆకుపచ్చ, ఊదా ఛాయ అయితే ఇంకా తేలిక, పక్కనున్న చర్మం రంగు తీసుకుని కలర్ మోడ్‌లో (రంగు మాత్రమే మార్చే పద్ధతిలో) బ్రష్‌తో వేస్తే సరిపోతుంది. ఇవి ఇకమీదట కూడా చేస్తాం.

చాలామంది "కళ్లజోడు తీసేసి ఒకటి తీయండి, కళ్లు దాంట్లోంచి అతికించేయండి" అంటారు. పవర్ తక్కువైతే నడుస్తుంది గానీ, మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్లకి అద్దంలోంచి కళ్లు చిన్నగా కనిపిస్తాయి, చెంప అంచు కూడా అద్దం లోపల కొంచెం లోపలికి జరిగినట్టు ఉంటుంది, ప్లస్ పవర్ అయితే కళ్లు పెద్దవవుతాయి. కాబట్టి అతికిస్తే మొహం ఎక్కడో తేడా కొడుతుంది. అదే మీరు కదలకుండా కూర్చుంటే, కళ్లజోడు ఉండగానే, మెరుపు తెస్తున్న ఆ ఒక్క లైట్ ఆపేసి వెంటనే ఇంకో షాట్ తీసి అద్దాల భాగం వరకు దాన్నుంచి తీసుకుంటే అది మీ కన్నే, మీ అద్దంలోంచి కనపడే సైజులోనే ఉంటుంది. తప్పనిసరైతే ఈ పద్ధతే వాడతాం.

అన్నిటికన్నా మంచిది మెరుపు పడకుండానే తీయడం. క్యారమ్స్‌లో స్ట్రైకర్ అంచుకి ఎంత వంకరగా తగిలితే అంతే వంకరగా తిరిగొస్తుంది కదా, లైట్ కూడా అంతే, అద్దానికి తగిలి తిరిగొచ్చే దారిలో కెమెరా ఉంటేనే మెరుపు. అందుకే లైట్‌ని పైకెత్తి పక్కకి జరుపుతాం, చెవుల మీద ఆనే కాడల్ని ఒక్క పిసరు పైకి లేపి అద్దాలు కొంచెం కిందికి చూసేలా పెడతాం, గడ్డం కాస్త దించమంటాం. కాడలు మరీ లేపితే ఫ్రేమ్ పైఅంచు కనుబొమ్మల దగ్గర వంకరగా కనపడుతుంది, లైట్ మరీ పైకెత్తితే కళ్ల కింద ఫ్రేమ్ నీడ పడుతుంది, అందుకని కొంచెం కొంచెంగా సరిచేసుకుంటూ పోవాలి, దానికి టైం పడుతుంది. ఇన్నాళ్లూ ఆ టైం నేను పెట్టలేదు. రింగ్ లైట్ అయితే కెమెరా చుట్టూనే ఉంటుంది కాబట్టి రెండు అద్దాల్లోనూ సున్నాలు చుట్టేస్తుంది, కళ్లజోడు వాళ్లకి దాన్ని వాడటం మానేశాం.

లెన్స్ ముందు పెట్టి మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ వేస్తే పోదా అని అడుగుతుంటారు. మామూలు గాజు మీద, దానికి సూటిగా ఎదురుగా ఉండే దిశ నుంచి దాదాపు 56 డిగ్రీల ఏటవాలుగా వచ్చే మెరుపుకి అది బాగా పనిచేస్తుంది, ఎదురుగా కూర్చున్న పోర్ట్రెయిట్‌లో ఆ కోణం రావడం కష్టం. లైట్‌కి కూడా పోలరైజింగ్ ఫిల్మ్ కట్టి లెన్స్ మీద ఫిల్టర్‌ని దానికి అడ్డంగా తిప్పితే మెరుపు మొత్తం పోతుంది, నిజమే. దాంతోపాటు కంటిపాపలో ఉండే చిన్న చుక్క వెలుగు కూడా పోయి చూపు జీవం లేనట్టు అయిపోతుంది. నాకది నచ్చలేదు.

మీ వైపు నుంచి చిన్న సాయం కావాలి. యాంటీ గ్లేర్ కోటింగ్ ఉన్న జోడు ఉంటే అదే తెచ్చుకోండి. కోటింగ్ లేని మామూలు అద్దం ఒక్కో వైపు సుమారు 4 శాతం, రెండు వైపులా కలిపి 8 శాతం దాకా వెలుతురు వెనక్కి కొడుతుంది, పల్చగా చేసే హై ఇండెక్స్ అద్దాలు కోటింగ్ లేకపోతే ఇంకా ఎక్కువ కొడతాయి. ఎండలో నల్లబడే అద్దాలైతే కొంచెం ముందుగా వచ్చి లోపల కూర్చోండి, తెల్లబడటానికి నిమిషాలు పడుతుంది. మెత్తటి గుడ్డతో మేం తుడుస్తాం, వేలిముద్రలున్నా మెరుపు పొగలా పాకుతుంది.

ఇంకొకటి, పాస్‌పోర్ట్, వీసా ఫోటోల్లో కళ్ల దగ్గర ఎడిటింగ్ ఇక అస్సలు చేయం. అమెరికా పాస్‌పోర్ట్, వీసా ఫోటోలకి 2016 నవంబర్ నుంచి కళ్లజోడే వద్దన్నారు, కళ్లజోడు ఒప్పుకునే మిగతా వాటికి మెరుపు లేకుండా తీసి ఇస్తాం, కుదరకపోతే తీసేసి దిగమని చెప్తాం.

ఆ పెద్దావిడని మళ్లీ పిలిచి తీశాం. లైట్ పైకెత్తి, కాడలు కాస్త లేపి, ఏడో షాట్‌కి కుదిరింది, రెండు అద్దాలూ శుభ్రంగా, ఆ మచ్చతో సహా. ఇంతకుముందు మా దగ్గర కళ్లజోడుతో తీయించుకున్న ఎవరైనా సరే, మీ ఫోటోలో కన్ను మీది కానట్టు అనిపిస్తే మొహమాటపడకుండా తీసుకురండి. ఒరిజినల్ ఫైల్ తెరిచి మీ ముందే చూపిస్తా, నేను గీయించిన కన్ను అయితే డబ్బులు తీసుకోకుండా మళ్లీ తీసి ఇస్తా. వచ్చేటప్పుడు ఆ రోజు పెట్టుకున్న జోడే తెచ్చుకోండి.