సింహాచలం మెట్లు ఎక్కితే సరిపోదు

సంపాదకులకు,

13 ఏళ్ల మాలావత్ పూర్ణ 2014 మేలో ఎవరెస్టు ఎక్కిన సంగతి అందరికీ గుర్తే. అంతకుముందు డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో సాగిన శిక్షణ ఎవరికీ గుర్తులేదు. ఆఫ్రికాలోని కిలిమంజారోకో, మనాలీ దగ్గరి ఫ్రెండ్‌షిప్ శిఖరానికో తొలిసారి బయల్దేరే మన విశాఖ కుర్రాళ్లు ఆర్కే బీచ్‌లో పరుగు, సింహాచలం మెట్లు చాలనుకుంటున్నారు. కాళ్లకు అవి మంచివే. అయితే తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన జిందగడ కొండే 1,700 మీటర్లలోపు. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం మన తీరంలో ఉండేదాంట్లో దాదాపు సగం. ఆ లోటుకు ఒళ్లు సర్దుకోవాలంటే కొన్ని రాత్రులు పట్టాలి, కండబలంతో పని జరగదు. పైగా దమ్మున్నవాడే తొందరపడి ముందు ఎత్తు జబ్బుకు తొలి గుర్తైన తలనొప్పి తెచ్చుకుంటాడు.

అందుకే డబ్బు కట్టేముందు అడగండి: ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోబెడతారు? 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఉన్నచోటే ఇంకో రాత్రి ఆగాలి. కిలిమంజారో మరంగు దారిలో అయిదు రోజుల ప్యాకేజీ చూడండి. మొదటి రాత్రి మందారా శిబిరంలో 2,700, రెండో రాత్రి హోరోంబోలో 3,720, మూడో రోజుకు కిబోలో 4,700 మీటర్లు. ఆ అర్ధరాత్రే 5,895 మీటర్ల శిఖరానికి లేపుతారు. హోరోంబోలో ఇంకో రాత్రి ఉంచే ఆరు రోజులది కాస్త నయం, ఏడెనిమిది రోజుల దారులు ఇంకా నయం. లేహ్‌లో విమానం దిగేవాళ్లు ఒక్కసారిగా 3,500 మీటర్ల ఎత్తుకు చేరతారు కాబట్టి మొదటి రెండు రోజులు గది దాటకపోవడమే మేలు.

ఇక భయం సంగతి. గుడారంలో నిద్ర మధ్య ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తారు, గుండె దడదడలాడుతుంది. ఎత్తులో నిద్రపోతే ఊపిరి లయ తప్పడం మామూలే, బెంబేలు పడక్కర్లేదు. తలనొప్పికి వికారం తోడైతే మాత్రం తగ్గేదాకా పైకి కదలకూడదు. ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ తిన్నగా నడవలేక తూలినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వదలకపోయినా, అర్ధరాత్రయినా కిందికి దించాల్సిందే. చలికి గడ్డకట్టిన వేలిమీద ఆక్సీమీటరు (రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరికరం) తప్పుగా చూపిస్తుంది, ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. లక్షలు పోశాం, వెనక్కి పంపేస్తారేమో అని గైడుకు తలనొప్పి చెప్పకుండా దాచడం అన్నిటికన్నా ప్రమాదం.

సాధన వీపున అయిదు కిలోలతో మొదలుపెట్టి, మూడు నెలల్లో పదికి తేవాలి. దిగడం కూడా సాధనే. మోకాళ్లు, బొటనవేలి గోళ్లు దెబ్బతినేది దిగేటప్పుడే. కొత్త బూట్లు ఇక్కడే తొడిగి కాళ్లకు అలవాటు చేసుకోండి. మన ఉక్కపోతలో హాయిగా ఉండే నూలు బనియను అక్కడ చెమటకు తడిసి ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. శిఖరం రోజున నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోవాలి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత దగ్గర దారి మూసుకోదు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సాధారణంగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ రావడం డయామాక్స్ ప్రభావాలే. ఒకట్రెండు మాత్రలు డాక్టరు సలహాతో విశాఖలోనే వేసి చూసుకుంటే, పైన ఆ తిమ్మిరి చూసి కంగారు పడరు.

– ఒక పర్వతారోహణ శిక్షకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం