చిన్న జంతువులకూ దారి కావాలి

సంపాదకులకు నమస్కారం.

వన్యప్రాణి కారిడార్ల (విడిపోయిన అడవులను కలుపుతూ జంతువులు తిరగడానికి వదిలే పచ్చని పట్టీల) చర్చ పులి, ఏనుగులతో మొదలై వాటితోనే ముగిసిపోతోంది. పొలాల మధ్య ముక్కలుగా మిగిలిన ఉష్ణమండల అడవుల్లో చడీచప్పుడూ లేకుండా అంతరించేవి అడవి ఎలుకలు, చుంచులు, చెట్ల మీదే బతికే చిన్న జీవులు. థాయిలాండ్‌లో 1986-87లో చియూ లాన్ జలాశయం నిండినప్పుడు కొండల పైభాగాలు దీవులుగా మిగిలాయి. పాతికేళ్లు తిరిగేసరికి వాటిలో స్థానిక చిన్న క్షీరదాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయని, పది హెక్టార్ల లోపు దీవుల్లోనైతే అయిదారేళ్లకే ఆ గతి పట్టిందని 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. చుట్టూ నీరున్న అడవికీ, చుట్టూ పొలాలున్న అడవికీ తేడా ఉన్న మాట నిజమే. కానీ దట్టమైన నీడకు అలవాటుపడిన జీవికి దున్నిన చేను కూడా దాటరానిదే. ఆ దీవులను చివరికి ఆక్రమించింది బయటి నుంచి చొరబడిన ఒక ఎలుక జాతి. కారిడార్ వస్తే ఎలుకలు పంట మీద పడతాయని భయపడే రైతులు ఈ సంగతి గమనించాలి: పంటను కొరికేవి ఎక్కువగా సాగుభూమికి అలవాటుపడిన జాతులే గాని, అడవి లోపలి జాతులు కావు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో బారిన్ సరస్సు అడవిని గాడ్‌గారా అడవితో కలపడానికి 1995 నుంచి పశువుల మేత భూముల గుండా వంద మీటర్ల వెడల్పున, 1.2 కిలోమీటర్ల పొడవున స్థానిక మొక్కలు నాటారు. డోనగీ కారిడార్ అని పేరున్న ఆ పట్టీలోకి కొద్ది సంవత్సరాలకే రెండు చివరల నుంచీ అడవి ఎలుకలు ప్రవేశించాయని జన్యు పరీక్షల్లో తేలింది.

అలాగని పటం మీద రెండు అడవుల నడుమ గీత గీస్తే చాలదు. అదే ప్రాంతంలో వెడల్పు 30-40 మీటర్లున్న పాత అడవి పట్టీలు చెట్లపై తిరిగే జాతుల్లో చాలావాటికి సరిపోయాయి గాని, నేల మీదికి దాదాపు దిగనే దిగని లెమురాయిడ్ పోసమ్ అనే సంచి జంతువుకు 200 మీటర్లు కావలసివచ్చింది. వాగు ఒడ్డున ఒంటి వరసలో నాలుగు చెట్లు నాటి, వాటి కింద పొదలను ఏటా నరికి కాల్చేస్తూ దాన్ని కారిడార్ అనడం కాగితాల మీద చెల్లుతుందేమో గాని, పొద చాటు లేనిదే అడుగు వేయని జీవికి పనికిరాదు. కాబట్టి ప్రతి ప్రణాళికలోనూ అది ఏ జంతువు కోసమో, అందుకు ఎంత వెడల్పు కావాలో, కింది పొదలను ఎవరు కాపాడతారో స్పష్టంగా రాయాలి. అందుకోసం సాగు వదులుకునే రైతుకు ఏటా పరిహారం అందే ఏర్పాటు కూడా మొక్కలు నాటకముందే జరగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు