గుర్రం మాట వినదు, బావా!

విశాఖపట్నం

ఒరేయ్ బావా,

మా గుర్రపు యాత్ర ఎలా సాగిందని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరానికి జవాబు ఆలస్యమైందని నన్ను తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. కుర్చీలో నొప్పి లేకుండా కూర్చోగలిగాకే కాగితం తీశాను.

మా అన్నయ్య కూతురు కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది కదా! దాన్ని చూసి వద్దామని మొదలైన ప్రయాణం, బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే మా బృందమంతా బయల్దేరడంతో గుర్రపు స్వారీ యాత్రగా మారింది. ఢిల్లీ మీదుగా వెళ్లాం. విమానం సంగతులు రాయను, అన్నీ ఒకటే. కొచ్కోర్ అనే చిన్న పట్నం దాటి, కిజార్ట్ పల్లె దగ్గర గుర్రాలెక్కాం. అక్కడి నుంచి కనుమలు దాటుకుంటూ సోన్‌కుల్ సరస్సుకు వెళ్లాలి. అది 3,016 మీటర్ల ఎత్తున ఉంది. అరకు వెళ్తేనే స్వెట్టర్ తీసే మనుషులం!

రామకృష్ణా బీచ్‌లో కుచ్చులు కట్టి పిల్లల్ని తిప్పే గుర్రాలను చూసి, ఇవీ అలాగే ఉంటాయనుకున్నారు మావాళ్లు. ఇవి పొట్టివే, కానీ మొండి ఘటాలు. రాళ్ల వాలులో ఎక్కడ డెక్క మోపాలో వాటికి తెలుసు, మన సలహా అక్కర్లేదు. గైడు కుర్రాడు నేర్పింది చాలా కొద్ది. ఎడమవైపు నుంచి ఎక్కు, రికాబులో, అంటే జీనుకు వేలాడే కాలి కడియంలో, మునివేళ్లే ఉంచు, ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు వంగు, దిగేటప్పుడు వెనక్కి వాలు, కదలాలంటే ‘చూ’ అను. పాదం పూర్తిగా లోపలికి దూర్చితే, పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుందట. ఆ మాట విన్నాక బ్యాంకు మేడమ్ గారు దారంతా పాదాలే చూసుకున్నారు, కొండలు చూడలేదు.

నేను ‘చూ’ అన్నాను. బతిమాలాను. తెలుగులో దండకం చదివాను. నా గుర్రం తలవంచి గడ్డి మేస్తూనే ఉంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని ఊరికే అనలేదు. గైడు వెనక్కి వచ్చి, పగ్గం బిగించి తల పైకెత్తించాడు. ఒకసారి మేయనిస్తే రోజంతా మేస్తూనే ఉంటుందని సైగలతో చెప్పాడు. ఇంకో చిక్కుంది. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మాస్టారి గుర్రమంటే నా దానికి గిట్టదు. అది దగ్గరికొస్తే చాలు, చెవులు వెనక్కి వాల్చేది. తన్నబోతోందనడానికి అదే గుర్తు. అందుకే గుర్రానికీ గుర్రానికీ మధ్య ఎడం వదలాలి. మాస్టారేమో నాతో కబుర్లు చెప్పాలని పక్కకే వచ్చేవారు!

వాగు దాటినప్పటి సంగతి మాత్రం నువ్వు చూసి తీరాలి. నడి నీళ్లలో గుర్రం ఆగిపోయింది. మంచు కరిగిన నీరు రికాబు అంచును తాకుతోంది, నాకు గుండె జారింది. దానికి దాహమేసిందంతే. మెడ చాచి, గుటక గుటకకీ చెవులు కదిలిస్తూ తాగింది. ఆ కదలిక నా మోకాళ్ల దాకా తెలిసింది. అప్పటి నుంచి పగ్గం వదులుగా పట్టుకున్నాను, అదీ కాస్త బాగా నడిచింది.

సరస్సు చుట్టూ ఒక్క చెట్టు లేదురా. అందుకే పొయ్యిలోకి ఎండిన పేడే. పిడకల వాసన తగలగానే మా ఆవిడకు భోగి గుర్తొచ్చిందట. ఉన్ని పట్టాలు కప్పిన గుండ్రటి గుడారం, యుర్త్ అంటారు, అందులో పడుకున్నాం. కప్పు నడిమి చక్రాన్నే వాళ్ల జాతీయ పతాకం మీద వేసుకున్నారు. దాని చుట్టూ సూర్యుడి 40 కిరణాలు, మనాస్ అనే వీరుడు ఏకం చేసిన 40 తెగలకు గుర్తుగా. వేసవి కాలమైనా రాత్రి చలికి పళ్లు టకటకలాడాయి.

కుమిస్ సంగతి వేరుగా చెప్పాలి. ఆడగుర్రం పాలు పులియబెట్టి చేస్తారు. పిల్ల దగ్గర లేనిదే తల్లి చేపదు. అందుకని పిల్లల్ని గుడారం ముందే కట్టేసి, ముందు నోరు పెట్టనిచ్చి, తర్వాత ఇంటావిడ మోకాలి మీద చెంబు ఆనించి పితుకుతుంది. రోజులో చాలాసార్లు ఇదే పని. రుచంటావా, మజ్జిగకూ తాటికల్లుకూ పుట్టిన బిడ్డ. కొంచెం మత్తు కూడా. మాస్టారు ‘ఆరోగ్యానికి మంచిదట’ అంటూ రెండో గిన్నె కూడా పట్టారు. నాకు ఒక్క గుక్కే చాలనిపించింది.

నువ్వు వెళ్తే జీన్స్ వేసుకోకు, కుట్లు తొడలు ఒరుసుకుంటాయి. బీమా తీసుకునేటప్పుడు గుర్రపు స్వారీకి వర్తిస్తుందో లేదో అడుగు, చాలా పాలసీలు సాహస క్రీడలను పక్కన పెట్టేస్తాయి. హెల్మెట్ ఇస్తారా అని ముందే తేల్చుకో. గుర్రంతో ఫోటో దిగడానికైతే అంత దూరం అక్కర్లేదు, మన బీచ్ చాలు. రోజంతా దాని నడకకు లోబడి, మాటలు తగ్గించి సాగే ఓపిక ఉంటేనే వెళ్లు. నీకు మాటలు తగ్గవని తెలుసు, అయినా చెబుతున్నాను.

సరస్సు దగ్గర గుడారాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకానే ఉంటాయి. చెల్లాయితో మాట్లాడి, పాస్‌పోర్టు గడువు చూసుకుని వెంటనే రాయి. గైడు కుర్రాడి నంబరు నా దగ్గరుంది.

నీ
బావ