గంగిరెద్దు తల ఊపడం మానేసింది

బెంగళూరు,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ మూర్తీ,

తిట్టుకో, పడతాను. సంక్రాంతికి రాస్తానన్న ఉత్తరం ఉగాది పచ్చడి కూడా అయిపోయాక రాస్తున్నా. అమ్మ మోకాలు అలాగే ఉంది. చిన్నాడి పరీక్షలు అయ్యాయి. ఆఫీసు వైట్‌ఫీల్డ్‌కి మారింది, రోజూ రెండు గంటలు రోడ్డుకే సమర్పయామి. వార్తలు సమాప్తం.

అసలు సంగతి కారు గురించి. నువ్వు పేరు పెట్టి పోయావే, గంగిరెద్దు అని. నువ్వు వెళ్లాక దాని వణుకు ఇంకా ముదిరింది. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు నుంచి సీటు దాకా ఒకటే జలదరింపు. ఏసీ వేస్తే ఇక చెప్పక్కర్లేదు, డాష్‌బోర్డు మీద వెంకన్న బొమ్మ అడ్డంగా తలాడించేది. "స్వామి కూడా వద్దంటున్నాడు, అమ్మేయండి" అని హైమ గొడవ. తమాషా ఏంటంటే కదిలి కాస్త వేగం అందుకుంటే అంతా మామూలే. మళ్లీ సిగ్నల్, మళ్లీ పూనకం.

నువ్వు ఫోన్‌లో ఏమన్నావ్? "ముందు ప్లగ్గులు మార్చు." నీకు తలనొప్పి వచ్చినా ప్లగ్గులే మారుస్తావు కదా! సరే, మా వీధి చివర గ్యారేజీలో ప్లగ్గులు మార్పించా. వాళ్లు థ్రాటిల్ కూడా శుభ్రం చేసి 4,200 బిల్లు వేశారు. వణుకు ఒక్క వీసం తగ్గలేదు. రెండోసారి వెళ్తే క్లచ్ సెట్టు పోయిందన్నారు, పద్దెనిమిది వేలు. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదురా.

తర్వాత మామగారి ఊరు వెళ్లొస్తుంటే కొత్త లక్షణం బయటపడింది. రివర్స్ నుంచి ఫస్ట్‌కి మార్చి క్లచ్ వదిలితే కింద ఎక్కడో 'ఠక్' మని ఒక దెబ్బ. ఎవరో సుత్తితో ఒక్కటిచ్చినట్టు. కోలారు దాటి హొసకోటె దగ్గర టీకి ఆగాం. పక్కనే ఒక రేకుల షెడ్డు, బయట స్టూలు మీద ఒక పెద్దాయన. నా కారు ఆగిన తీరు చూసి, "ఏం సార్, బండికి చలిజ్వరమా? ఇట్ల వణకతా ఉండాది?" అన్నాడు. మదనపల్లి ఆయన. ఆ యాస వినగానే సగం ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఆయన ఒక్క పానా కూడా ముట్టుకోలేదు. బానెట్ ఎత్తాడు, నన్ను పక్కకి నిలబడమన్నాడు, ఎదురుగా మాత్రం నిలబడొద్దన్నాడు. షెడ్డు కుర్రాణ్ణి లోపల కూర్చోబెట్టి హ్యాండ్ బ్రేకు, కాలి బ్రేకు రెండూ బిగించి పట్టమని, ఫస్ట్ గేరులో క్లచ్ ఒక్క వెంట్రుకవాసి వదలమన్నాడు. ఇంజన్ మొత్తం వెనక్కి ఒరిగింది. రివర్స్ వేయించాడు. ముందుకు ఎగిరి 'ఠక్'. అదే దెబ్బ! ఇన్నాళ్లుగా నేను వెతుకుతున్న రోగం నా కళ్ల ముందే కదిలింది. "క్లచ్ బాగుండాది సార్. మౌంటింగులు సచ్చిపోయినాయి" అన్నాడు.

నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి, బానెట్ ఎత్తి చూడాలని నాకు తట్టలేదు. నీకూ తట్టలేదు, నోరు ముయ్.

మన హాస్టల్ టేబుల్ ఫ్యాను గుర్తుందా? రాత్రంతా గడగడా కొట్టుకుంటూ బల్ల చివరి దాకా నడిచొచ్చేది. నువ్వు నా హవాయి చెప్పు కోసి నాలుగు ముక్కలు దాని కింద పెట్టావు. (ఆ చెప్పుల డబ్బు ఇంకా బాకీ.) అదేరా ఇంజన్ మౌంటింగ్! ఇనుముకి అంటించిన రబ్బరు ముద్ద. ఇంజన్ బరువు మొయ్యాలి, దాని వణుకు బాడీకి చేరకుండా మింగాలి. మన బండికి మూడు: కుడివైపు ఒకటి, ఎడమవైపు గేర్‌బాక్స్ దగ్గర ఒకటి, వెనక కింద ఒకటి. వెనకది ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టి ఉంచేది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే సెకనుకి దాదాపు ఇరవై ఏడు పేలుళ్లు. రబ్బరు బతికుంటే మనకి తెలియదు. చస్తే ప్రతి పేలుడూ నేరుగా వెన్నుపూసకే.

కుడివైపుది చూపించాడు. రబ్బరు నెర్రెలిచ్చిన చెరువు మట్టిలా ఉంది. వేలితో నొక్కితే పెళుసుగా పొడి రాలింది. దాని కింద నల్లగా ఒక చార. ఆ మౌంటింగ్ లోపల ద్రవం నింపి ఉంటుందట, అది చిట్లి కారిపోయింది. పైగా ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ నుంచి బొట్టు బొట్టుగా ఇంజన్ ఆయిల్ దాని మీదే పడుతోంది. "నూనె తాగితే రబ్బరు బతకదు సార్. ప్యాకింగ్ మార్చకుండా ఇది మారిస్తే మళ్లీ ఏడాదికి నా కాడికే వస్తారు" అన్నాడు. మళ్లీ రానివ్వకుండా ముందే చెప్పే మెకానిక్‌ని నేను ఇదే చూడటం.

సామాను నన్నే తెమ్మన్నాడు. మర్నాడు మెట్రోలో కె.ఆర్. మార్కెట్ దిగి జె.సి. రోడ్డు పట్టుకున్నా. ఛాసిస్ నంబరు ఫోన్‌లో పెట్టుకుని షాపు షాపూ తిరిగా. ఒకాయన ఒరిజినల్ 3,400 అన్నాడు, పక్కాయన అచ్చం అలాంటిదే 1,100 అన్నాడు. చవకది చేతిలోకి తీసుకున్నా, నా సంగతి తెలుసుగా. గోరు గుచ్చితే దిగలేదు, రాయిలా ఉంది. అంత గట్టిదైతే ఇంజన్ కదలదు కానీ వణుకంతా లోపలికే కదా? ఒరిజినల్‌వే రెండు కొన్నా, కుడిదీ వెనకదీ. ఎడమది బాగుందని పెద్దాయనే వద్దన్నాడు.

శనివారం పొద్దున్నే షెడ్డుకి. ఇంజన్ చల్లారాక ఆయిల్ ఛాంబర్ కింద జాకీ పెట్టాడు. నేరుగా పెడితే ఛాంబర్ సొట్ట పోతుందని మధ్యలో చెక్క ముక్క. ఆ చెక్క ఏంటో తెలుసా? విరిగిన క్రికెట్ బ్యాటు! స్టిక్కరు కూడా సగం ఉంది. నువ్వు విరగ్గొట్టిన నా బ్యాటు ఎక్కడికి పోయిందో ఇన్నాళ్లకి తెలిసింది. ఇంజన్‌ని ఎత్తెయ్యలేదు, బరువు తీసుకునేంత మాత్రమే ఒక్క పిసరు లేపాడు. ఎక్కువ లేపితే పైపులూ వైర్లూ లాగుతాయట. బోల్టులు విప్పి పాతదాన్ని తీసి కొత్తదాని పక్కన బల్ల మీద పెట్టాడు. వేలి మందం తేడా, పాతది అంత కుంగిపోయింది.

నేను హీరోలా ఎల్-రాడ్ అందుకుని బిగించేశా. స్టార్ట్ చేస్తే వణుకు తగ్గకపోగా పెరిగింది! హైమ ముఖం చూడాలి నువ్వు. పెద్దాయన మాత్రం నవ్వాడు. బోల్టులన్నీ మళ్లీ వదులు చేసి, ఇంజన్‌ని చేత్తో నాలుగుసార్లు ఊపి, కాసేపు ఉత్తినే తిరగనిచ్చాడు. "దాని కూర్చునే చోటు అదే వెతుక్కుంటాది. తర్వాత బిగియ్యాల. ముందే బిగిస్తే రబ్బరు మెలి పడతాది." ఆ తర్వాత టార్క్ రెంచ్‌తో (సరిపడా బిగిశాక చప్పుడు చేసే పానా) ఒక్కొక్కటీ 'టిక్' అనే దాకా. చివరి బోల్టు నా చేతే పెట్టించాడు. ఆ 'టిక్' ఉందే, మన మొదటి జీతం రోజు...

సరే అది తర్వాత. ప్యాకింగూ కూలీ అంతా కలిపి తొమ్మిది వేలు దాటలేదు. స్టార్ట్ చేసి ఏసీ వేశా. వెంకన్న నిశ్చలం. ఇంజన్ ఆగిపోయిందేమో అనుకుని నేను మళ్లీ కీ తిప్పబోతే కుర్రాడు "ఆన్‌లోనే ఉంది అన్నా!" అని అరిచాడు.

ఇంకా నీ పెళ్లిరోజు గురించి అడగాలి, ఆ తణుకు స్థలం ఏమైందో... హైమ కింద హారన్ కొడుతోంది, మార్కెట్‌కి. మూడోసారి. మళ్లీ రాస్తా, హవాయి చెప్పుల డబ్బు మాత్రం పంపు.

నీ
శీను