టికెట్‌లో 15 గంటలు, ప్రయాణం 37 గంటలు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వేసవిలో మా అమ్మ ఒక్కతే విజయవాడ నుంచి డాలస్ వెళ్లింది. తమ్ముడు అక్కడ ఫ్రిస్కోలో ఉంటాడు, మరదలికి నెలలు నిండుతున్నాయి. అమ్మకు 68 ఏళ్లు. టికెట్ చేతికి రాగానే వేళ్ల మీద లెక్కేసుకుంది. హైదరాబాద్‌లో రాత్రి 7కు ఎక్కితే మర్నాడు పొద్దున 10కి డాలస్‌లో దిగుతాను, 15 గంటలే కదా అంది. ఆ లెక్కతోనే షుగర్, బీపీ మాత్రలు ఒక్క పూటకే హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. మిగతావన్నీ పెద్ద సూట్‌కేసులో వెళ్లిపోయాయి.

టికెట్‌లోని 7 మన టైము, 10 డాలస్ టైము. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అంటే అసలు ప్రయాణం ఇరవై అయిదున్నర గంటలు: దుబాయ్‌కి 4, అక్కడ కూర్చోవడం 5, దుబాయ్ నుంచి డాలస్‌కు పదహారున్నర. పొద్దున 10కి విజయవాడలో కారెక్కిన మనిషి తమ్ముడి ఇంట్లో అడుగు పెట్టేసరికి 37 గంటలు. విమానంలో కిటికీలు మూసి లైట్లు ఆర్పేస్తే లోపల పగలో రాత్రో తెలియదు, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలియదు, వేసుకుందామన్నా లేదు. కాళ్లు వాచి, కళ్లు తిరిగి, వీల్‌చైర్‌లో బయటికొచ్చింది. ముందే కూర్చుని ఈ లెక్క చెప్పనందుకు నాకిప్పటికీ బాధే.

ప్రయాణం ఇంతసేపు పట్టడానికి దూరమే కారణమంటారు కొందరు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు గాలిలో నేరుగా సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్లినా పెరిగేది వెయ్యి పైచిలుకే. ఇంచుమించు ఇంతే దూరమున్న పెర్త్–లండన్ మధ్య 2018 నుంచి విమానం ఎక్కడా ఆగకుండా వెళ్తోంది. మనకూ 2021 జనవరిలో హైదరాబాద్–షికాగో నేరు విమానం మొదలైంది, కానీ ఎక్కువ కాలం నిలవలేదు. దాన్ని మళ్లీ తెస్తే ఎంతో మేలు. పౌర విమానయాన శాఖ మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారి చేతికి 2024లో వచ్చింది కాబట్టి అడగడానికి చనువు కూడా ఉంది.

అయితే అది అయ్యేలోపు చేయగలిగింది, పెద్దగా ఖర్చు లేనిది ఒకటుంది. టికెట్ ఇచ్చేటప్పుడే ట్రావెల్ ఏజెంట్లు, విమాన సంస్థలు తెలుగులో ఒక్క కాగితం జత చేయాలి. ఎక్కడ ఎన్ని గంటలు, మొత్తం ఎన్ని గంటలు, దిగేటప్పుడు మన ఊళ్లో టైమెంత, ఈ మూడూ పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు. మందులు చేతిలోని బ్యాగులోనే ఉంచుకోవాలని, రెండు రోజులకు సరిపడా కాదు, వారానికి సరిపడా ఉంచుకోవాలని అందులోనే రాయాలి. టికెట్‌లో గంటల లెక్క ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది, ఇంగ్లిష్‌లో, ఓ మూల చిన్న అక్షరాల్లో. పిల్లల పురుళ్లకూ మనవల్ని చూసుకోవడానికీ ఒంటరిగా బయల్దేరే అమ్మలకు అది కనపడదు.

అమ్మ డిసెంబరులో తిరిగొస్తోంది. అప్పటికి అమెరికా గడియారం మారి, తేడా పదకొండున్నర గంటలవుతుంది. ఈసారి కాగితం నేనే రాసి పంపాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ