స్పీకర్ల అదురు తగ్గించిన మిత్రులకు కృతజ్ఞతలు

పాట పెట్టినప్పుడల్లా స్పీకర్ల కింది బల్ల అదరడం, పక్కనున్న పుస్తకాల బీరువా అద్దం గలగలలాడడం గురించి నేను సలహా అడిగినప్పుడు ఓపికగా బదులిచ్చిన మిత్రులందరికీ, ముఖ్యంగా సౌండ్ సిస్టమ్‌లు బిగించడంలో చేయి తిరిగిన పెద్దాయనకు, నా హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ఆయన నన్ను ఏ వస్తువూ కొనమనలేదు. ఒక స్పీకరును బల్ల మీది నుంచి ఎత్తి, చేతులతో పట్టుకొని, అదే పాటను అంతే శబ్దంతో మళ్లీ విని చూడమన్నారు. పట్టుకున్నంతసేపూ బల్ల అదురు దాదాపు ఆగిపోయింది గాని, అద్దం గలగల మాత్రం తగ్గలేదు. పెట్టె అడుగు నుంచి బల్లలోకి దిగే కంపనం వేరని, గాలి ద్వారా వెళ్లి అద్దాన్ని కదిలించే ధ్వని వేరని, స్పీకరు కింద ఎన్ని మెత్తలు వేసినా రెండోది లొంగదని అప్పుడు ఆయన వివరించారు. స్పీకర్ల గురించి ఇంత సూటైన పరీక్ష నేనెక్కడా చదవలేదు.

మెత్తల సంగతి ఒక సోదరి చక్కగా విడమరిచి రాశారు. మెత్త, దానిపై స్పీకరు కలిసి స్ప్రింగు మీది బరువులా ఊగుతాయి. అలా వాటంతట అవి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతాయో అదే వాటి సహజ పౌనఃపున్యం (హెర్ట్జ్‌లలో కొలుస్తారు). దానికి 1.4 రెట్లు దాటిన కంపనాలనే మెత్త తగ్గించగలదు, అంతకు దిగువన ఉన్నవాటిని తగ్గించకపోగా ఇంకా పెంచుతుంది. సాదా స్ప్రింగు లెక్కలో స్పీకరు బరువుకు మెత్త 1 మిల్లీమీటరు అణిగితే ఆ పౌనఃపున్యం సుమారు 16 హెర్ట్జ్, 4 మిల్లీమీటర్లు అణిగితే 8 హెర్ట్జ్; రబ్బరుకైతే ఇంకాస్త ఎక్కువే వస్తుంది. కాబట్టి ఏమాత్రం అణగని గట్టి రబ్బరు బిళ్లయినా, పూర్తిగా నలిగి అడుగంటిన స్పాంజి అయినా ఉన్నా లేనట్టే. ఆమె చెప్పినట్టు స్కేలుతో కొలిస్తే, డ్రైవరు (స్పీకరులో శబ్దం పుట్టించే భాగం) అయస్కాంతం బరువంతా ముందువైపే పడుతున్నందువల్ల వెనక మెత్తలు దాదాపు అణగనేలేదని తెలిసింది. వాటిని కాస్త ముందుకు జరిపాక నాలుగూ సమానంగా అణిగి, బల్లపై అరచేయి పెడితే తప్ప అదురు తెలియడం లేదు.

ఇక అద్దానికి మందు, స్పీకరును గది మూల నుంచి బయటికి తేవడమే. పక్కన గోడ ఉంటే తక్కువ పౌనఃపున్యాలు 6 డెసిబెల్స్ వరకు పెరుగుతాయి, మూలలో రెండో గోడ ఇంకో 6 వరకు కలుపుతుంది. ఆ మూల వదిలించాక మిగిలిన కొద్దిపాటి గలగలను అద్దం అంచున అతికించిన ఫెల్ట్ ముక్క ఆపేసింది.

స్పీకరు స్టాండు కింద బిగించే మొనదేలిన స్పైకులు కంపనాన్ని ఆపవని, తివాచీ మీద స్టాండు ఊగకుండా నిలపడానికే పనికొస్తాయని హెచ్చరించి నా డబ్బు మిగిల్చిన మిత్రునికి ప్రత్యేక ధన్యవాదాలు. బోలు స్టాండ్లలో ఇసుక నింపమన్నవారి సలహా మంచిదే అయినా, స్పీకర్లు బల్ల మీదే కుదురుకున్నందున దాని అవసరం రాలేదు.